జీర్ణోద్ధారణము



మన దానశాసనములలో ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణము’ అను మాట తరచుగా కానవచ్చును. ఖండస్ఫుటితమనగా విరిగినది, బీటలు వారినది అని అర్థము. ఆలయమునకో మఠమునకో భూమి నిచ్చునపుడు పూజకు, అన్నమునకు మాత్రమే గాక, కట్టడము పాతబడినపుడు బాగుచేయుటకు గూడ ఆ ఆదాయమునే నిర్దేశించెడివారు. గోపురము కట్టినవానిని ఊరంతయు తలచును. బీటలు పూడ్చినవానిని ఎవరు తలతురు? అయినను పెద్దలు ఆ పనిని శిలపై చెక్కించిరి.

మొన్న ఒక గృహస్థు వచ్చి, “శాస్త్రిగారూ, మావాడు త్రాగుడు మాని ఆసుపత్రినుండి వచ్చినాడు. పాత స్నేహితులు గుమ్మములోనే కాచుకొని యున్నారు. ఎక్కడ ఉంచేది?” అని కన్నీరు పెట్టుకొనెను. 1992లో నెల్లూరు సీమ స్త్రీలు సారాపై తిరుగబడిన సంగతి మనమందరము ఎరుగుదుము. మానినవాడు ఎచ్చట నిలువవలెనను మాట మాత్రము మనము అంతగా తలపలేదు. ఈ విషయమున అమెరికాలో జరిగిన చరిత్ర యొకటి వినదగినది.

మేరీలాండ్ రాష్ట్రములో మాంట్‌గొమరీ కౌంటీవారు, వ్యసనము విడిచినవారు ఇల్లు చేరులోపల కొంతకాలముండుటకు నాలుగు గృహములు నడుపుచుండిరి. 1975లో ధనము చాలక ఒకదానిని మూయ నిశ్చయించిరి. అందున్న 13 మంది పురుషులు చెదరిపోలేదు. ఆ ఇంటినే తాము అద్దెకు తీసికొనిరి. అదివరకు అచ్చట ఆరు నెలల గడువుండెడిది. గడువు తీరి వెడలినవాడు మరల సీసా పట్టుట వారు కన్నులార చూచియుండిరి. కనుక గడువే తీసివేసిరి. పైన అధికారి లేడు. ఖర్చు అందరును పంచుకొనవలయును, నిర్ణయములు ఓటుతో జరుగవలయును, మరల త్రాగినవాడు వెడలిపోవలయును. కొలది నెలలకే మిగిలిన ధనముతో రెండవ ఇల్లు తెరచిరి. ఆక్స్‌ఫర్డ్ హౌస్ అను పేర నేడు అట్టి ఇండ్లు వేలుగా నున్నవి.

1988 నాటి చట్టమువలన క్రొత్త ఇంటికి 4,000 డాలర్ల వరకు లభించెను. దానము గాదు, అప్పు! రెండేండ్లలో తీర్చిన సొమ్ము మరియొక ఇంటికి పోవలయును. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. కాని అది ఆరంభమునకు మాత్రమే. ఊడ్చుట, గడ్డి కోయుట వంటివి నివాసులు చేసికొందురు. పదేండ్లకు పైకప్పు కారినపుడో? మన శాసనకర్తలు ముందుగా ఆలోచించినది ఆ దినమును గూర్చియే.

ఆ గృహస్థు ఊరిలో పాత సత్రమొకటి కలదట. వాసములు చెదలు తినినవి, పెంకులు జారినవి. ఎనిమిది మందికి చోటున్నదట. మరమ్మతుకై ఏటేట ఎవరెంత ఇత్తురో ముందుగా కాగితముపై వ్రాయించుకొని రమ్మని చెప్పితిని.