బైబిలు దినపఠనము - ఒక చారిత్రక పరిశీలనము

ఒక మహాగ్రంథమును దినమునకు కొంతభాగము చొప్పున చదివి నియమిత కాలమున ముగించు ఆచారము మనకు క్రొత్తది కాదు. రామాయణమును తొమ్మిది దినములలోను, భాగవతమును ఏడు దినములలోను పారాయణము చేయుట తెలుగునాట చిరపరిచితమే. బైబిలును ఒక సంవత్సరమున ఆద్యంతము చదివి, చదివిన భాగమును ధ్యానించు క్రైస్తవాచారము దీనిని కొంత పోలియున్నను, దాని పుట్టుక వేరు, పెరిగిన తెరువు వేరు. ఈ ఆచార మెట్లు రూపొందినది? గ్రంథమును సంపూర్ణముగ చదువుటకును, ఒక్క వాక్యముపై మనసు నిలుపుటకును గల సంబంధ మెట్టిది? ఈ రెండు ప్రశ్నలే ప్రస్తుత విచారణకు విషయములు.

క్రమపఠనమునకు మూలము యూదుల ప్రార్థనామందిరములలో కలదు. మోషే ధర్మశాస్త్రమును 54 భాగములుగ విభజించి, ఏడాదిలో చదివి ముగించి, ముగించిన దినముననే మరల ఆరంభించుట వారి సంప్రదాయము. ఆరవ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠ నియమావళిలో 150 కీర్తనలను వారమున కొకసారి ముగింపవలెనని విధించెను. 1549లో ఇంగ్లండు సంఘమునకు క్రాన్మర్ కూర్చిన ప్రార్థనా గ్రంథము కీర్తనలను నెలకొకసారి, పాత నిబంధనలో అధిక భాగమును ఏటికొకసారి చదువునట్లు ఏర్పరచెను. ఇవి యన్నియు ప్రధానముగ సమాజ పఠనములు. ఒకడు చదువగా పలువురు వినుట యందలి పద్ధతి.

గృహస్థుడు తన యింట తానే చదువవలెనన్న రెండు సౌకర్యములు కావలెను. మొదటిది, గ్రంథమునకు అంకెల విభాగము. నేటి అధ్యాయ విభాగము పదమూడవ శతాబ్ది ఆరంభమున స్టీఫెన్ లాంగ్టన్ చేసినదిగ ప్రసిద్ధము. క్రొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్తియెన్ 1551 నాటి తన ముద్రణమున ప్రవేశపెట్టెను. అంకెలు లేనిదే "నేటి పాఠ మిది" అని నిర్దేశించుట సాధ్యము కాదు. రెండవది, చవుక ప్రతి. 1710లో జర్మనీయందలి హాలే పట్టణమున స్థాపితమైన కాన్‌స్టీన్ సంస్థ, కూర్చిన అచ్చును విప్పక నిలిపియుంచి మరల మరల ముద్రించు ఉపాయముచే బైబిలును సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చెను.

ఆ హాలే పాఠశాలలోనే చదివిన జింజెండార్ఫ్ ప్రభువు 1728లో హెర్న్‌హూట్ గ్రామమున ప్రతిదినమునకు ఒక వాక్యమిచ్చు పద్ధతి నారంభించెను. ఆ వాక్యము ఇంటింటికి చేరవేయబడుచుండెను. 1731లో ఏడాది పొడవునకు సరిపడు వాక్యములు పుస్తకముగ వెలువడెను. నేటికిని హెర్న్‌హూట్‌లో పాత నిబంధన వాక్యములను చీట్లు తీసి నిర్ణయింతురు. వానికి తగిన క్రొత్త నిబంధన వాక్యములను ఏరి చేర్తురు. ఇది ఏకవాక్య ధ్యానమార్గము.

రెండవది సంపూర్ణ పఠనమార్గము. స్కాట్లండులోని డండీ పట్టణ బోధకుడు రాబర్ట్ మరే మెక్‌షేన్ 1842 చివర తన సంఘస్థులకై ఒక పఠన పట్టికను రచించెను. దానిననుసరించి ఏటికి పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండేసిసార్లు ముగియును. కుటుంబమున రెండు పాఠములు, ఏకాంతమున రెండు పాఠములు. జనవరి మొదటి దినమున ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు నాలుగును మొదటి అధ్యాయములతో ఆరంభమగును. సృష్టి, యేసు జననము, చెరనుండి ప్రజల పునరాగమనము, సంఘము యొక్క ఆవిర్భావము, ఈ నాలుగు ఆరంభములును ఒకేనాడు పాఠకుని యెదుట నిలుచును. పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములుండుటచే, ఈ లెక్కను ఏటికి 1,599 అధ్యాయములు, అనగా దినమునకు నాలుగింటికి మించి చదువవలసి వచ్చును.

ఇందలి కష్టమును మెక్‌షేన్ ఎరుగకపోలేదు. తన పట్టిక వలన రాగల కీడులను ఆయనయే ముందుగ హెచ్చరించెను. పఠనము వట్టి ఆచారముగ మారుట, చదివితినను గర్వము కలుగుట, అన్యమనస్కముగ చదువుట, మోయరాని భారమగుట అను నాలుగింటిని ఆయన పేర్కొనెను. పట్టిక ఆరంభమైన మూడు నెలలు నిండక మునుపే, 1843 మార్చి 25న, ఇరువది తొమ్మిదేండ్ల ప్రాయమున ఆయన మరణించెను. తాను వేసిన త్రోవను తాను తుదముట్ట నడువలేకపోయెను; ఆ పట్టిక మాత్రము నేటికిని వాడుకలో నున్నది.

ఇక ఏకవాక్య ధ్యానమునకును ఒక చిక్కు కలదు. సందర్భమునుండి విడదీసిన వాక్యమునకు చదువరి తన కోరికనే అర్థముగ చెప్పుకొనవచ్చును. ఈ ప్రసంగమున జర్మను వేదాంతి బోన్‌హోఫర్ ఉదాహరణము గమనింపదగినది. హెర్న్‌హూట్ వాక్యములను నిత్యము చదువు ఆయన 1939లో అమెరికాయందు సురక్షితముగ నుండియు మనశ్శాంతి లేకయుండెను. జూన్ 26న, శీతకాలమునకు ముందే రమ్మని పౌలు తిమోతిని కోరిన మాట ఆయనకు యాదృచ్ఛికముగ కంటబడెను. ఆ మాట తనకే చెప్పబడినట్లు తోచినదని దినచర్యలో వ్రాసికొనెను. జూలైలో స్వదేశమునకు మరలెను. 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. ఆ మాట చెరసాలలోని వాడు శిష్యునికి వ్రాసినదని, శ్రమలో పాలుపంచుకొనుటకు పిలుపని ఆయన ఎరుగును. పూర్వాపరములు తెలిసినవాడగుటచేతనే ఆ వాక్యము ఆయనను తన సుఖము వైపు గాక అపాయము వైపు నడిపినది. కనుక సంపూర్ణ పఠనము ఏకవాక్య ధ్యానమునకు ప్రత్యర్థి కాదు, దానికి కాపుదల యని నా అభిప్రాయము.

ఈ చరిత్రకు తెలుగుతో సంబంధము లేకపోలేదు. చెన్నపట్టణమున పనిచేసి బైబిలును తెనిగించిన బెంజమిన్ షుల్జ్ హాలేనుండి వచ్చినవాడే. ఆయన అనువాదము ముద్రణకు నోచుకొనలేదు. సంపూర్ణ గ్రంథము తెలుగున అచ్చయి వెలువడుట పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున గాని జరుగలేదు. అనగా హెర్న్‌హూట్ పుస్తకము వెలువడిన పిదప నూరేండ్లకు పైగా తెలుగు గృహస్థునకు సంవత్సర పఠనము అసాధ్యమై యుండెను. అనువాద చరిత్రను అనువాదకుల పేళ్లతో, ముద్రణ వత్సరములతో ముగించుట మనకు పరిపాటి. ఆ గ్రంథము ఏయింట, ఏవేళ, ఎట్లు చదువబడినదను ప్రశ్న మిగిలియే యున్నది. పాత కుటుంబ ప్రతుల అంచులలో చదువరులు వ్రాసికొన్న తేదీలును గుర్తులును దొరికినచోట అవియే అట్టి విచారణకు ఆధారములు కాగలవు. పరిశోధక విద్యార్థులు అవి శిథిలము కాకమునుపే వానిపై దృష్టి నిలుపుదురు గాక.