పాము కాళ్ళు పామునకెరుక

గుట్టు గలవారిని గూర్చి మనం వాడే సామెత ఇది. పాముకు కాళ్ళు లేవన్న నమ్మకంతోనే సామెత పుట్టింది గానీ, ఆ కాళ్ళను కళ్ళారా చూశామనేవారు మన పల్లెల్లో అరుదు కారు. వారు చెప్పేది కట్టుకథ కాదు.

నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట నేలలు 2022 వరకు కృష్ణా జిల్లావి, నేడు ఎన్టీఆర్ జిల్లావి. పత్తి, మిరప చేలున్న అటువంటి చోట మనిషికి పాము ఎదురుపడడం వింత కాదు. నాగుపామును చంపవలసి వస్తే దానికి పాలు పోసి దహనం చేయడం తెలుగునాట పాత ఆచారం. ఆ వేడికి మగపాము తోక మొదట, ఇరుపక్కలా, ముళ్ళున్న రెండు కండలు బయటికి పొడుచుకొని వస్తాయి. చూసినవారు కాళ్ళనుకొన్నవి అవే. నిజానికవి దాని జననాంగాలు. పాములకూ బల్లులకూ ఇవి జంటగా ఉంటాయి. మామూలు వేళల్లో, లోపలికి తిప్పిన సంచి వలె తోకలో మడిగి ఉంటాయి. జత కట్టేటప్పుడు ఒక్కటే పనిచేస్తుంది. జాతికొక తీరున ఉండే వీటి ఆకారాన్ని బట్టి 1890లలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కోప్ పాములను వర్గీకరించాడు.

మరి ఇవి ఎక్కడినుండి వచ్చాయి? రాళ్ళనడిగితే చెప్పవు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు శిల్పాలు చెక్కిన సున్నపురాయి, నేడు సిమెంటు కర్మాగారాలు పిండి చేస్తున్న రాయి, జంతువులు పుట్టకముందటిది. తరువాతి కాలపు రాళ్ళలోనైనా ఎముకలు నిలిచినట్లు మెత్తని మాంసం నిలవదు. కనుక ఈ చరిత్రను పిండంలో చదువుకోవాలి.

2014లో హార్వర్డు వైద్య కళాశాలలో పాట్రిక్ చాప్, క్లిఫ్ టాబిన్ బృందం అదే చేసింది. ఎలుక పిండంలో జననాంగం తోక మొగ్గ కణాలనుండి మొలుస్తుంది. పాము, బల్లి పిండాలలో మాత్రం వెనుకకాలి మొగ్గ కణాలనుండి వస్తుంది. కారణం అవస్కరం, అంటే మలమూత్రాలకూ సంతానానికీ ఉమ్మడిగా ఉన్న ద్వారం. దాని కణజాలమే పక్కనున్న కణాలకు "పెరగండి" అన్న సంకేతమిస్తుంది. ఆ కణజాలాన్ని తీసి కోడి పిండంలో కాలి మొగ్గకు అతికిస్తే, ఆ మొగ్గ జననాంగపు పోకడలు పోయింది! పాముల పూర్వీకులలో అవస్కరం కాలి మొగ్గ పక్కన ఉన్నందువల్ల దాని మాట విన్నవి ఆ కణాలే.

కాళ్ళు పోయాక కాళ్ళను కట్టే ఆదేశాలేమైనట్లు? 2015లో జార్జియా విశ్వవిద్యాలయంలో కార్లోస్ ఇన్‌ఫాంటే, డగ్లస్ మెంకే బృందం దీనికి బదులు కనుగొన్నది. ఒక జన్యువును ఎక్కడ పనిచేయించాలో నిర్ణయించే డీఎన్ఏ తునకను ఎలుకలో తొలగిస్తే వెనుకకాలూ జననాంగమూ రెండూ దెబ్బతిన్నాయి. అదే తునక పాములలో నేటికీ ఉన్నది. కాలిని కట్టే శక్తి పోయింది, జననాంగాన్ని కట్టే శక్తి మిగిలింది. కాళ్ళు పోయినా పాము ఆ ఆదేశాన్ని పారవేయకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అంటగా "కాళ్ళు చూశాం" అన్నవారు పూర్తిగా తప్పినట్లు కాదు!

అయితే ఎలుకలో ఒక చోటినుండి, పాములో మరొక చోటినుండి వచ్చినది ఒకే అవయవమెలా అవుతుంది? దీనికీ 2015లోనే ఒక ఆధారం దొరికింది. న్యూజీలాండు టువటారా బల్లిని పోలిన ప్రాణి. దాని మగవానికి ఈ అవయవమే లేదు. హార్వర్డులో భద్రపరచిన, నూరేళ్ళకు పైబడిన దాని పిండపు కోతలను కంప్యూటరుపై మళ్ళీ కూర్చి చూస్తే, మొలక కనబడింది. మన పెరటి పుంజు కథా ఇంతే. పిండంలో మొలుస్తుంది, ఆపై కణాలు చచ్చి కుదించుకుపోతుంది. నేలపై గుడ్డు పెట్టిన తొలి జీవుల వంశంలో ఈ అవయవం ఒక్కమారే పుట్టిందనీ, దానికి మట్టి తెచ్చిన చోటు మాత్రం వంశానికొక తీరున మారిందనీ అనుకోవడం సబబు.

ఇంతవరకు చెప్పినదంతా మగపాము గూర్చే. సంతానం కోరే స్త్రీలు రావిచెట్టు కింది జంటనాగులకు ప్రదక్షిణాలు చేసే దేశం మనది. శాస్త్రానికి మాత్రం ఆడపాము చాలా ఆలస్యంగా కనబడింది. ఆడబల్లులలో జంట అవయవమున్నదని ముందే తెలుసు. పాములలో దానిని సరిగా వర్ణించినది 2022 డిసెంబరులో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన మేగన్ ఫోల్‌వెల్ బృందం. తొమ్మిది జాతుల పాములను కోసి చూసి, నరాలు నిండిన అవయవాలను చూపించారు. అంతకుముందు వాటిని వాసన గ్రంథులుగానో, ఎదగని మగ అవయవాలుగానో లెక్కవేసేవారు.