అయత్నీకృతమైనా వజ్రం ఎందుకు మారదు?

సూరత్‌లో సానపట్టే వజ్రం, పెన్సిల్‌లోని గ్రాఫైట్ రెండూ కార్బనే. 298 కెల్విన్, 1 బార్ పీడనం వద్ద వజ్రం గ్రాఫైట్‌గా మారితే ఎంథాల్పీ మోల్‌కు 1.9 కిలోజౌళ్లు తగ్గుతుంది. ఎంట్రోపీ పెరుగుదల వల్ల మరో 1.0 కలిసి గిబ్స్ శక్తి మొత్తం 2.9 కిలోజౌళ్లు తగ్గుతుంది. అంటే ఇది అయత్నీకృత చర్యే. అయినా నగలోని వజ్రం తరతరాలు అలాగే ఉంటుంది. బంధాలు తెగడానికి కావాల్సిన ఉత్తేజన శక్తి చాలా ఎక్కువ కాబట్టి చర్యావేగం దాదాపు సున్నా.

ఇంటర్, జేఈఈ పునశ్చరణలో ఈ రెండింటినీ కలపకూడదు. గిబ్స్ శక్తి మార్పు చర్య దిశను చెబుతుంది, వేగాన్ని కాదు. ఉత్ప్రేరకం ఉత్తేజన శక్తిని తగ్గిస్తుంది. సమతాస్థితి స్థిరాంకాన్ని మార్చదు. ‘అయత్నీకృతం కాబట్టి వేగవంతం’ అనే ఆప్షన్ తప్పు.

సూరత్‌లో మీథేన్ నుంచి వజ్రాలు పెంచడంలోనూ వేగమే కీలకం: పరమాణు హైడ్రోజన్ వజ్రం కన్నా గ్రాఫైట్‌ను త్వరగా తొలగిస్తుంది.