సోలెడు చరిత్ర

2024 ఏప్రిల్ మొదటి వారంలో ఫణిగిరి పేరు మళ్ళీ పత్రికల కెక్కింది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఆ బౌద్ధక్షేత్రంలో తవ్వకాలు సాగుతూండగా మార్చి 29న, నేలకు రెండడుగుల లోతున ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివి, అనగా క్రీ.శ. 3, 4 శతాబ్దుల నాటివని పురావస్తు శాఖవారు నిర్ణయించారు. మా జిల్లా కింత సంపద దక్కినందుకు నేనూ అందరివలెనే సంతోషించాను. అయితే ఆ వార్త అడుగున, పూసలు, శంఖపు గాజుల ముక్కలు, ఇనుప మేకుల సరసన మరొక చిన్న మాట కనబడింది: బొమ్మబండి చక్రాలు. నా చూపు అక్కడే నిలిచిపోయింది.

విహారమున్న కొండ పక్కన ఊరు ఉండి ఉంటుంది. ఊళ్ళో పిల్లలుంటారు. ఎవరి బిడ్డో దారం కట్టి ఈడ్చుకొని తిరిగిన బండి కావచ్చు. ఆ బండి నేమని పిలిచేవాడో, చక్రం ఊడితే ఏడ్చాడో లేదో మనకెవరు చెబుతారు? ఫణిగిరిని నిజాం పురావస్తు శాఖవారు 1941-44 ప్రాంతాల పరిశీలించారు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళి వచ్చినవి. శిల్పానికి ఆ గౌరవం తగినదే, కాదనను. నా బాధ చక్రాన్ని గురించి.

ఇక అంత ప్రాచీనం కానివాటి సంగతి చూద్దాం. నల్లగొండ పక్కన పానగల్లులో, పచ్చల సోమేశ్వరాలయం దగ్గర ప్రదర్శనశాల ఉన్నది. విగ్రహాలున్నవి, శాసనాలున్నవి. మా సూర్యాపేటకు కూతవేటు దూరంలో పిల్లలమఱ్ఱి ఉన్నది. 1208 నాటి ఎరకేశ్వరాలయ స్తంభాలమీది నునుపు చూచినవా రెవరూ మరువలేరు. మన దానశాసనాలలో భూమిని తూములలో, పుట్లలో చెప్పడం కద్దు. ఇన్ని తూముల విత్తనం పట్టే చేను అని అర్థం. దానమిచ్చిన రాజు పేరు రాతిమీద నిలిచింది. ఆ చేని పంటను కొలిచిన తూము ఏ గాజు బీరువాలోనూ లేదు. మన మ్యూజియాలు గుడికీ కోటకీ వారసులు గాని వంటింటికీ కళ్ళానికీ కావు.

ఆ లోటు తీర్చడానికి పూనుకున్నవారు సాధారణంగా ఒంటరివారు. పుణెలో దినకర్ కేల్కర్ అనే ఆయన, చిన్ననాడే పోయిన కొడుకు రాజా పేరిట, అడకత్తెరలూ దీపపు సెమ్మెలూ మసిపాత్రలూ పోగుచేసి పెద్ద ప్రదర్శనశాలనే నిలిపారు. అహమ్మదాబాదులో 1981 నుండి వంటపాత్రలకే ఒక మ్యూజియ మున్నది. మనవారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి జానపదుల వాద్యాలూ పనిముట్లూ సేకరించి ‘ఆద్యకళ’ అని పేరు పెట్టారు. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది, 1955లో సాహిత్య అకాడమీ తొలి తెలుగు పురస్కారం పొందింది. కావ్యాలను వెదకి ఆయన మన పూర్వుల తిండినీ బట్టనూ ఆటనూ ఏరి చూపారు. వస్తువు దొరకక మాటను పట్టుకున్నారు. వీరిద్దరిదీ ఒకే పని అని నా కనిపిస్తుంది. తెలుగు పండితుణ్ణి గనుక మాటవైపు నుండి వస్తువు దగ్గరకు వెళ్ళడమే నాకూ అలవాటు. ఆ అలవాటు నన్నొకసారి పెడదారి పట్టించింది. ఆ కథే చెప్పబోతున్నాను.

1980ల చివర కోదాడ వైపు ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. పాఠంలో ‘పుట్టెడు దుఃఖం’ అని వచ్చింది. పుట్టి అంటే ఎంత అని ఒక పిల్ల అడిగింది. నేను నల్లబల్లమీద టకటక వ్రాసేశాను. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఐదు తూములైతే ఏదుము, పది తూములైతే పందుము. ఆ మాటలలోనే ఐదూ పదీ దాగి ఉన్నవని వ్యాకరణం కూడా చెప్పాను. వెరసి పుట్టెడు దుఃఖం 5,120 గిద్దలు! పిల్లలు నవ్వారు. కాని వారి ముఖాలలో ఏమీ కనబడలేదు. గిద్దను చూడనివారికి గిద్ద లెక్క ఏం పట్టుతుంది? రేపు మీ ఇళ్ళల్లో ఏముంటే అది తెండి అన్నాను.

మరునాడు బడి కళ్ళమైపోయింది. వెదురు కుంచాలు, ఇనుపపట్టీల మానికలు, ఇత్తడి గిద్దలు, తిరగలి పిడి, చిలికే కవ్వం, ఒక ముసలమ్మ మూట విప్పి ఇచ్చిన హాలీ సిక్కాలు. కోదాడ నిజాము రాజ్యపు పొలిమేర గదా. దాటితే జగ్గయ్యపేట, బ్రిటిషువారి కలదారు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కలదార్లని లెక్క. 1959 దాకా హాలీ చెలామణిలో ఉన్నది గనుక ఆ అవ్వకు రెండు లెక్కలూ నోటికి వచ్చు. పొలిమేర కిరువైపుల బంధుత్వా లున్నవారికి అంకగణితం బడిలో నేర్వవలసిన పని లేదు.

జొన్నలు పోసి కొలిచి చూపించాను. రెండు ఊళ్ళ మానికలు ఒకదానితో ఒకటి కలియలేదు. ఊరికో కొలత ఉండేదని చదివే ఉన్నాను, కనుక ఆశ్చర్యపడలేదు. ఒక కుర్రవాడు తెచ్చిన ఇనుప సోలతోనే చిక్కు వచ్చింది. నాలుగు గిద్దలు పోస్తే పొంగి నేలపాలయినవి. మళ్ళీ పోశాను. మూడున్నర గిద్దలకే నిండింది. తిరగేసి చూస్తే అడుగు లోపలికి సొట్టపడి ఉన్నది. “ఇది చెడిపోయిందిరా, లెక్కకు పనికిరాదు” అని పక్కన పెట్టేశాను. వాడి మొగం చిన్నబోయింది. మిగిలినవన్నీ ఒక బీరువాలో అమర్చి, ప్రతిదాని పేరూ కాగితంమీద వ్రాసి అంటించాము. మా బడికి మ్యూజియం వచ్చిందని పిల్లలకు గర్వం. నాకు మాత్రం తక్కువా!

వారం తరువాత ఆ కుర్రవాడి తాత వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, చేతికర్ర. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా పోరడు తెచ్చిన సోల ఖరాబైందన్నవట సారూ?”

“అవును తాతా, అడుగు సొట్టపడింది.”

“సొట్ట పడలే సారూ, కొట్టిండ్రు. అది ఖరాబైన సోల గాదు, ఖరాబు జేసిన సోల. మా అమ్మకు దీంతోనే కూలి గొలిచిండ్రు. మాదగ్గర పుచ్చుకునేటందుకు ఇంకోటుండె. అది మంచిగనే ఉండె, జర పెద్దగనే ఉండె.”

గడి గాదె తెరిచిన రోజున అందరూ ధాన్యం మూటలు కట్టుకుంటే వాళ్ళ నాయన ఈ సోల ఒక్కటి తీసుకొని వచ్చాడట. ఎందుకు తెచ్చావని పెళ్ళాం తిట్టిందట కూడాను.

ఈ ప్రాంతపు చరిత్ర తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. దొరల దగ్గర అప్పుగా తెచ్చుకున్న గింజలకు గింజలే వడ్డీ. దాన్ని నాగు అనేవారు. కూలీ గింజలే. అంటే పేదవాడి జీవితం రెండు వైపులా కొలపాత్ర అంచుమీదనే నడిచేది. 1941లో కోదాడకు దగ్గరనున్న చిలుకూరులో, రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. తరువాతి సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ముందు నిలిచినవి. వెట్టి, లెవీ, నాగు అని ఆ చరిత్ర పుస్తకాలలో చదివి పరీక్షలు వ్రాసినవాణ్ణే. ఆ చరిత్ర ఇనుప రూపంలో నా బల్లమీదికి నడచివస్తే, లెక్కకు పనికిరాదన్నాను.

ఆ రాత్రి కాగితం తీసుకొని లెక్క వేశాను. సోలకు అరగిద్ద తరుగు. పుట్టికి 1,280 సోలలు గనుక 640 గిద్దల తరుగు. అంటే పది కుంచాలు, రెండున్నర తూములు. సోలతో పుట్టిని ఎవరూ కొలవరు, నిజమే. కాని ఒక తల్లి ఏళ్ళ తరబడి కొంగున పోయించుకున్న గింజలు ఎన్ని పుట్లవుతాయో! పిల్లవాడు ఆ సోలను తిరిగి తీసుకోలేదు. తాత నాకే ఇచ్చి వెళ్ళాడు. బీరువాలో అప్పటికే ఒక సోల, నాలుగు గిద్దలు సరిగా పట్టేది, ఉన్నది. రెండవదానికి చోటు లేదు. దీన్ని ఇంటికి తెచ్చుకొని కలాలు పెట్టుకున్నాను.

నాకు బదిలీ అయింది. పన్నెండేళ్ళ తరువాత ఏదో శిక్షణ తరగతులకై అదే బడికి వెళ్ళవలసి వచ్చింది. బీరువా ఉన్నది. అందులో హాజరు పట్టీలు, పాత పరీక్ష కాగితాలు. వస్తువులేవని అడిగితే, గోడలకు సున్నం వేసినప్పుడు పాత ఇనుముతో పాటు పోయినవన్నారు. ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. నేను అంటించిన చీటీలలో ఏమున్నది? ‘మానిక’, ‘కుంచము’, ‘అడ్డ’. అంతే. ఎవరిదో, ఏ ఊరిదో, ఏం కొలిచిందో ఒక్క ముక్క వ్రాయలేదు. నిఘంటువులో దొరికే అర్థాన్ని ఇనుముకు అంటించి పెట్టాను. తాత చెప్పినవంటి మాటలు ముప్పై ఇళ్ళ ముంగిళ్ళలో ఉండగా ఒక్క ఇంటికీ వెళ్ళి అడగలేదు. చీటీ ఊడిపోతే అది తుక్కే గదా. సున్నం వేసేవాడి కేం తెలుసు?

ఇక ఇళ్ళల్లో ఉన్నవి ఎలా పోయినవో వేరే చెప్పనక్కరలేదు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు మొదలుకొని అంచెలంచెలుగా అమలైంది. చట్టం వల్ల శేరూ మణుగూ అంగడినుండి పోయినవి గాని మానిక వంటింట్లో నిలిచింది. దాన్ని కదిలించింది నీళ్ళు. 1967 ఆగస్టులో నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలారు. మా పుట్టిల్లు మిర్యాలగూడ దాపున. అప్పటికి నేను బడికి పోని పసివాణ్ణి. తరువాత ఎడమకాలువ నీళ్ళు మా పొలాలకు చేరినవి. మోటబావి తోలుబొక్కెన మూలపడింది. జొన్నచేలు వరిమళ్ళయినవి. జొన్నలు పోయినాక తిరగలి ఎందుకు? మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు లేచినవి, దంపుడు రోలు వాకిట్లో పిల్లలు కూర్చునే పీట అయింది. మా అమ్మ ఆ నీళ్ళకు పసుపూ కుంకుమా వేసి దండం పెట్టింది. నేనూ పెడతాను. తిరగలి విసరి విసరి ఆమె అరచేతులు ఎలా ఉండేవో చూచినవాణ్ణి; పాతకాలం బంగారమని నా నోట రాదు. చేతికి విశ్రాంతి వచ్చినందుకు సంతోషం. తిరగలి కథ ఆమె ఉండగా అడిగి వ్రాసుకోనందుకు విచారం. పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇస్తామని వీధిలో కేక వినబడితే మా గంగాళాన్ని దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. రెండు గ్లాసులూ ఒక పళ్ళెమూ వచ్చినవి.

ఈ మూడు ఊళ్ళల్లో నాబోటి పింఛనుదారులు కొందరు, ఇప్పటికైనా గ్రంథాలయంలోనో బడిలోనో ఒక గది చూచి, ఇటువంటివి చేర్చాలని అనుకుంటూ ఉంటారు. నన్ను సలహా అడుగుతారు. వస్తువు తెచ్చినవారిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసుకోండి, తుప్పు తరువాత తుడవవచ్చు అంటాను. సొట్టపోయినవి, విరిగినవి తెస్తే తిప్పి పంపవద్దని మరీ మరీ చెబుతాను. ఎందుకని అడిగినవారికి కలాలు బయటకు తీసి సోల చూపిస్తాను.

మొన్న కలాలకు వేరే డబ్బా కొన్నాను. సోలను కొద్దిగా నూనెగుడ్డతో తుడిచి, మందపాటి అట్టముక్క మీద ఇలా వ్రాసి పెట్టాను:

“సోల. ఇనుము. కోదాడ ప్రాంతం. కూలి గింజలు కొలిచినది. ఒక గడి నుండి ఒక కూలివాని ఇంటికి, అక్కడినుండి ఆయన మనుమడి చేత బడికి వచ్చింది. అడుగు లోపలికి కొట్టి ఉన్నది. నాలుగు గిద్దలు పట్టవలసినది మూడున్నర పట్టుతుంది. పనికిరాదని దీన్ని ఒక తెలుగు పండితుడు ఒకసారి పక్కన పెట్టాడు.”