సర్కస్ మట్టి మీద మొదలైన ప్లేఆఫ్: 1932 అమెరికన్ ఫుట్‌బాల్ కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం అమెరికా వెళ్దాం. అక్కడ డిసెంబర్ చివరికి, జనవరి మొదటికి వచ్చేసరికి ఫుట్‌బాల్ సీజన్ ముగుస్తుంది. ఎన్ఎఫ్ఎల్‌లో ఇప్పుడు 32 జట్లు, ఒక్కో జట్టుకి 17 మ్యాచ్‌లు. అందులోంచి 14 జట్లు ప్లేఆఫ్‌లకి వెళ్తాయి. అక్కడ ఓడితే ఇంటికే, ఇంకో అవకాశం ఉండదు. చివరికి మిగిలిన రెండూ సూపర్ బౌల్ ఆడతాయి. మన వాళ్ళు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటే ఆ నెల రోజులూ ఆఫీసులో ఇంకో మాట వినపడదని వాళ్ళే చెబుతారు.

సరే, ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. సీజన్ అంతా కష్టపడి ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టుని విజేత అని చెప్పేస్తే సరిపోతుంది కదా, మళ్ళీ ఈ ప్లేఆఫ్‌లు ఎందుకు? నిజానికి మొదట్లో అలాగే చెప్పేవారండీ. ఈ లీగ్ 1920లో ఒహాయో రాష్ట్రం కాంటన్ అనే ఊళ్ళో, ఒక కార్ల షోరూంలో జరిగిన సమావేశంలో పుట్టింది. అప్పట్నుంచి పన్నెండేళ్ళ పాటు ఫైనల్ అనే మాటే లేదు. పట్టికలో ఎవరు పైనుంటే వాళ్ళే చాంపియన్. మొదటి ఏడాది విజేత అయిన యాక్రన్ జట్టుకైతే తర్వాత ఓటింగ్ పెట్టి టైటిల్ ఇచ్చారు. 1925లో పాట్స్‌విల్ అనే గనుల ఊరి జట్టుకి దక్కాల్సింది షికాగో కార్డినల్స్‌కి పోయిందని ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు వాదిస్తూనే ఉంటారు.

ఆ పట్టిక లెక్కలో ఒక మెలిక ఉంది. కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం జాగ్రత్తగా వినండి. గెలుపులు, ఓటములు మాత్రమే లెక్కేసేవారు. సమానంగా ముగిసిన మ్యాచ్, అంటే టై, అసలు జరగనట్టే లెక్క.

ఇప్పుడు 1932కి వద్దాం. అమెరికాలో మహా మాంద్యం నడుస్తోంది. బ్యాంకులు మూతపడుతున్నాయి, పనుల్లేవు. లీగ్‌లో మిగిలింది ఎనిమిది జట్లే. ఆ ఏడాది షికాగో బేర్స్ మొదటి మూడు మ్యాచ్‌లూ 0-0. నాలుగోది 2-0తో ఓడిపోయారు. నాలుగు మ్యాచ్‌లాడి ఒక్క పాయింటు కూడా చేయలేదు! అలాంటి జట్టు తర్వాత ఒక్కటీ ఓడకుండా సీజన్ ముగించింది. 6 గెలుపులు, 1 ఓటమి, 6 టైలు.

రెండో జట్టు పోర్ట్స్‌మత్ స్పార్టన్స్. ఒహాయో నది ఒడ్డున ఉన్న చిన్న పారిశ్రామిక పట్టణం అది. జనాభా 40 వేల పైచిలుకు. ఉక్కు, చెప్పుల ఫ్యాక్టరీల మీద బతికే ఊరు. వాళ్ళది 6 గెలుపులు, 1 ఓటమి, 4 టైలు. షికాగోతో రెండుసార్లు ఆడారు, రెండూ టైయే.

మూడో జట్టు గ్రీన్ బే ప్యాకర్స్. 1929, 1930, 1931 వరుసగా మూడేళ్ళు చాంపియన్లు. ఈసారి కూడా 10 గెలిచారు. కానీ చివరి రెండు వారాల్లో దెబ్బ తిన్నారు. డిసెంబర్ 4న పోర్ట్స్‌మత్ చేతిలో 19-0. ఆ రోజు పోర్ట్స్‌మత్ కోచ్ పాట్సీ క్లార్క్ మొదట దించిన 11 మందినే చివరిదాకా ఆడించాడు, ఒక్కరినీ మార్చలేదు. వారం తర్వాత షికాగో చేతిలో 9-0. మొత్తం 10 గెలుపులు, 3 ఓటములు, 1 టై.

ఇప్పుడు అప్పటి లెక్క వేద్దాం. టైలు తీసేస్తే షికాగో, పోర్ట్స్‌మత్ రెండూ ఏడింట ఆరు, అంటే 0.857. ప్యాకర్స్ పదమూడింట పది, 0.769. పది గెలిచినవాళ్ళు మూడో స్థానం, ఆరు గెలిచినవాళ్ళు ఇద్దరూ మొదటి స్థానం! ఇప్పటి పద్ధతిలో టైని సగం గెలుపుగా లెక్కిస్తే ప్యాకర్స్ 0.750, పోర్ట్స్‌మత్ 0.727, షికాగో 0.692. వరస మొత్తం తలకిందులు. ప్యాకర్స్‌కి అది నాలుగో టైటిల్ అయ్యేది. ఎన్ఎఫ్ఎల్‌లో వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచిన జట్టు ఈ రోజు వరకూ లేదు.

మరి సమానంగా ఉన్న ఇద్దరిలో విజేత ఎవరు? దానికి నిబంధనే లేదు. అందుకని ఒక మ్యాచ్ అదనంగా పెడదామన్నారు, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో. అయితే ఆ వారం మంచు, గడ్డకట్టే చలి. బయట పెడితే టికెట్ కొనేవాడు ఉండడు. దాంతో బేర్స్ యజమాని జార్జ్ హాలస్, పోర్ట్స్‌మత్ వాళ్ళని ఒప్పించి మ్యాచ్‌ని షికాగో స్టేడియం అనే హాలు లోపలికి మార్పించాడు. హాకీ, బాక్సింగ్ జరిగే చోటు అది. అంతకు కొద్ది రోజుల ముందే అక్కడ సర్కస్ జరిగింది. నేల మీద పరిచిన మట్టి ఇంకా అలాగే ఉంది. పశువుల వాసన కూడా పోలేదట.

డిసెంబర్ 18, ఆదివారం రాత్రి. 11 వేల పైచిలుకు జనం వచ్చారు. గోల్ గీతల మధ్య 100 గజాలు ఉండాల్సిన చోట 60 గజాలే పట్టింది. వెడల్పు కూడా తక్కువే, పక్కనే గోడ. అందుకని బంతి అంచు దాకా వెళ్తే పది గజాలు లోపలికి తెచ్చి ఆట మొదలుపెట్టేవారు. ఫీల్డ్ గోల్స్ కొట్టకూడదన్నారు.

పోర్ట్స్‌మత్‌కి ఇంకో కష్టం. వాళ్ళ అతిపెద్ద ఆటగాడు డచ్ క్లార్క్ రాలేదు. కొలరాడోలో ఒక కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉద్యోగం, సీజన్ అయిపోగానే అక్కడికి వెళ్ళాల్సిందే. చాంపియన్‌షిప్ మ్యాచ్ వదిలేసి కోచింగ్ ఉద్యోగానికి వెళ్ళాడంటే, ఆ రోజుల్లో ఫుట్‌బాల్ సంపాదన ఏపాటిదో మీరే అర్థం చేసుకోండి.

మూడు క్వార్టర్లు 0-0. నాలుగో క్వార్టర్లో షికాగోకి చెందిన డిక్ నెస్‌బిట్ ఎదుటివాళ్ళ పాస్ పట్టేశాడు. బంతి గోల్ గీత దగ్గరికి చేరింది. చివరి ప్రయత్నం. బ్రాంకో నగుర్స్కీ అనే కొండలాంటి మనిషి దూసుకెళ్తాడని అందరూ అనుకున్నారు. అతను ముందుకి కదిలినట్టే కదిలి, ఆగి, వెనక్కి తగ్గి రెడ్ గ్రేంజ్‌కి పాస్ విసిరాడు. టచ్‌డౌన్!

పాట్సీ క్లార్క్ గొడవకి దిగాడు. అప్పటి నిబంధన ప్రకారం పాస్ విసిరేవాడు గీతకి కనీసం ఐదు గజాల వెనక ఉండాలి. నగుర్స్కీ అంత వెనక లేడన్నది అతని వాదన. రిఫరీ వినలేదు. అదనపు పాయింటు, తర్వాత ఒక సేఫ్టీ, మొత్తం 9-0. షికాగో చాంపియన్.

ఇంకో విడ్డూరం చూడండి. ఈ మ్యాచ్‌ని కూడా సీజన్ పట్టికలోనే కలిపారు. దాంతో పోర్ట్స్‌మత్‌కి రెండో ఓటమి చేరి 0.750 అయింది, ప్యాకర్స్ కన్నా కిందకి, మూడో స్థానానికి దిగిపోయింది. ఫైనల్ ఆడి మూడో స్థానం!

ఇలాంటి వాటి తర్వాతే నిబంధనలు మారతాయి. 2019 క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్లో బౌండరీలు లెక్కపెట్టి విజేతని తేల్చాక ఆ నిబంధన ఎత్తేయలేదూ? ఇక్కడా అంతే. 1933కి గీత వెనక ఎక్కడి నుంచైనా పాస్ విసరొచ్చన్నారు. బంతిని పది గజాలు లోపలికి తేవడం అన్ని మైదానాల్లోనూ వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, లీగ్‌ని రెండు డివిజన్లు చేసి, వాటి విజేతల మధ్య ఏటా ఫైనల్ పెట్టారు. 1933 డిసెంబర్ 17న మొదటి ఫైనల్లో బేర్స్ 23-21తో న్యూయార్క్ జెయింట్స్‌ని ఓడించారు. టైని సగం గెలుపుగా లెక్కించడానికి మాత్రం 1972 దాకా పట్టింది.

మరి పోర్ట్స్‌మత్? మాంద్యంలో ఆ ఊరు జట్టుని మోయలేకపోయింది. 1934లో ఒక రేడియో వ్యాపారి సుమారు 8 వేల డాలర్లకి కొని డెట్రాయిట్‌కి తీసుకెళ్ళాడు. ఈనాటి డెట్రాయిట్ లయన్స్ వాళ్ళే. గ్రీన్ బే కూడా చిన్న ఊరే, కానీ ఊరి జనమే వాటాదారులై తమ జట్టుని నిలబెట్టుకున్నారు. పోర్ట్స్‌మత్‌లో మిగిలింది ఆ పాత స్టేడియం.

నాకు అనిపించేది చెబుతాను. పట్టిక ఓర్పుని కొలుస్తుంది, ఫైనల్ ఆ ఒక్క రోజు ధైర్యాన్ని కొలుస్తుంది. రెండూ పూర్తి న్యాయం కాదు. 1932లో నిజంగా మంచి జట్టు ఏదంటే నేను ప్యాకర్స్ అనే అంటాను. కానీ మైదానంలో ఆడి ఓడినవాడు కనీసం కాగితం మీద ఓడలేదు కదా. జనం కోరుకున్నది అదే. ఈసారి ప్లేఆఫ్‌లు చూసేటప్పుడు ఆ సర్కస్ మట్టిని, ఆ రాత్రి రాలేకపోయిన డచ్ క్లార్క్‌ని ఒక్కసారి తలుచుకోండి.

మీరైతే ఎవరికి ఇచ్చేవారు ఆ టైటిల్? ఆలోచించండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.