వానలో దారి తప్పిన నిప్పురవ్వ

నా చిన్నతనంలో ఒక శ్రావణమాసపు సాయంత్రం, రాజమండ్రి స్టేషనుకు వెళ్ళే దారిలో నాన్నగారి పాత కారు జోరువానలో ఆగిపోయింది. తొలి ఉద్యోగంలో చేరడానికి అక్క ఎక్కవలసిన రైలు అరగంటలో ఉంది. పక్క షెడ్డు నుండి వచ్చిన మెకానిక్కు బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత ఊడదీసి, పొడిగుడ్డతో తుడుస్తూ, "కరెంటు ఉంది సార్, తడిలో పడి దారి తప్పుతోంది" అన్నాడు. ఇంజను అందుకుంది గాని రైలు అందలేదు. అతని మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది.

చాలా ఏళ్ళ తరువాత బ్రిటన్‌లో పుట్టిన 'మినీ' కారు చరిత్ర చదువుతుంటే, ఆ మాటే మళ్ళీ ఎదురయింది.

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను పెట్టారు. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోయగల చిన్న కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్, అలెక్ ఇసిగోనిస్‌ను కోరాడు. ఆయన ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుపెట్టెను దాని కిందనే, నూనె తొట్టిలో అమర్చాడు. చక్రాలు పది అంగుళాలవి. పొడవు సుమారు పది అడుగులే అయినా, అందులో అధికభాగం మనుషులకూ సామానుకూ మిగిలింది. 1959 ఆగస్టు 26న, 848 సీసీ ఇంజనుతో ఆ కారు వెలువడింది.

అయితే మిగుల్చుకున్న ప్రతి అంగుళానికీ ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించక తప్పలేదు. ఇంజనుకూ గేర్లకూ ఒకే నూనె కావడంతో, గేరు పళ్ళ మధ్య నలిగి అది త్వరగా సారం కోల్పోయేది. వేళకు మార్చని యజమాని రెండింటికీ హాని చేసుకున్నట్లే. తొలి కార్లలో నేలరేకు అతుకుల గుండా వాననీరు చొరబడి తివాచీలు నానిపోయేవి.

అన్నిటికన్నా విచిత్రమైనది నిప్పురవ్వ కథ. తొలి నమూనాల్లో కార్బ్యురేటరు ముందువైపు ఉండేది. తరువాత ఇంజనును వెనకముందులుగా తిప్పారు. చల్లగాలికి కార్బ్యురేటరు మంచు కట్టకుండా చేయడానికని కొందరూ, గేర్ల అరుగుదల తగ్గించడానికని మరికొందరూ చెబుతారు. కారణమేదైనా, ఆ మార్పుతో డిస్ట్రిబ్యూటరు ముందరి జాలీ వెనుకకు వచ్చి వానకు ఎదురు నిలిచింది. కాయిలు నుండి వచ్చే వేల వోల్టుల విద్యుత్తును వంతులవారీగా నాలుగు ప్లగ్గులకు పంచడమే దాని పని. మూతమీద నీటిపొర పేరుకుంటే ఆ విద్యుత్తు ప్లగ్గును చేరకుండా ఇనుములోకి జారిపోతుంది. మా మెకానిక్కు చెప్పినది అక్షరాలా ఇదే!

దీనికి యజమానులు కనిపెట్టిన చిట్కా ముచ్చటైనది. వంటింట్లో అంట్లు తోమడానికి వాడే రబ్బరు చేతితొడుగును డిస్ట్రిబ్యూటరుకు తొడిగేవారు. ప్లగ్గుల తీగలు నాలుగు, కాయిలు తీగ ఒకటి. తొడుగుకు వేళ్ళూ అయిదే!

ఇన్ని లోపాలున్నా జనం ఆ కారును వదలలేదు. 2000 అక్టోబరులో ఉత్పత్తి ఆగేనాటికి యాభై మూడు లక్షలకు పైగా మినీలు తయారయ్యాయి.

చరిత్రలో ఇసిగోనిస్ పేరు నిలిచింది. నిలవవలసినదే. కానీ గీతల బల్లమీద జరిగిన చిన్న సర్దుబాటుకు నడివీధిలో తడిసినవారూ, పొడిగుడ్డతో దాన్ని సరిదిద్దినవారూ ఏ గ్రంథంలోనూ పేరుతో కనబడరు. రైలు తప్పిన అక్క మరునాడు వెళ్ళి ఉద్యోగంలో చేరింది. ఆనాడు నాన్నగారు ఇవ్వబోయిన డబ్బు కూడా పుచ్చుకోకుండా వెళ్ళిన ఆ మనిషి పేరు మాత్రం, మాలో ఎవరమూ అడగలేదు.