కొందరికే అందిన నివేదిక



మతసంఘము నడుపు బాలుర శిబిరములో పిల్లలకు హింస జరిగినదని తెలిసినప్పుడు, ఆ సంఘపు పెద్దలు ఏమి చేయుదురు? ఇంగ్లండు దేశమున జరిగిన యొక చరిత్ర ఈ ప్రశ్నను నలువది యేండ్లు వెంటాడినది. అందు దుర్మార్గుడు ఒక్కడే. తక్కినవారందరును దైవభక్తులు, మర్యాదస్థులు. గ్రామములో తగవులు తీర్చు పెద్దలకు ఈ చరిత్ర వినిపింపదగినదని నేను తలచుటకు కారణమిదియే.

ఇంగ్లండు దక్షిణభాగమున డార్సెట్ మండలములో యూఎర్న్ మిన్‌స్టర్ అను పల్లె గలదు. 1930 తరువాతి సంవత్సరములలో ఇ. జె. హెచ్. నాష్ అను మతగురువు, ధనికుల పిల్లలు చదువు వసతి పాఠశాలల నుండి బాలురను చేర్చి సెలవులలో బైబిలు శిబిరములు నడుపసాగెను. ఆ శిబిరములకు ఈ పల్లె పేరే స్థిరపడెను. అట్టి పాఠశాలలను అక్కడ 'పబ్లిక్ స్కూళ్లు' అందురు గాని, పేరు చూచి మోసపోరాదు. సామాన్య జనులకు వాని గడప తొక్కుట కష్టము. రేపటి మంత్రులును, న్యాయాధిపతులును, బిషప్పులును వారిలోనుండియే వత్తురు గనుక, వారిని మార్చినచో దేశమే మారునని నాష్ గారి యూహ. అది కొంత ఫలించినది కూడ. లోకప్రసిద్ధుడైన బోధకుడు జాన్ స్టాట్ ఆ శిబిరముల నుండి వచ్చినవాడే.

ఆ శిబిరములను పోషించు ధర్మసంస్థకు 1974 నుండి 1981 వరకు జాన్ స్మైత్ అధ్యక్షుడుగా నుండెను. ఇతడు గొప్ప బారిస్టరు. 1977లో జరిగిన యొక దైవదూషణ వ్యాజ్యములో మతపక్షమున నిలిచి పత్రికలకెక్కినవాడు. వించెస్టరు పట్టణమునకు సమీపమున కాపురముండి, అచ్చటి ప్రసిద్ధ పాఠశాల బాలురను ఆదివారములందు భోజనమునకు పిలుచుచుండెను. తండ్రివలె ఆదరించును; ప్రార్థన నేర్పును; పిదప వారి పాపములను ఒప్పించును. శరీరమును దండించిన గాని పాపము పోదని నమ్మించి, తోటలోని కొట్టములోనికి తీసికొనిపోయి బెత్తముతో నెత్తురు కారునట్లు కొట్టును. ఆ బాలురు దీనిని భక్తియనుకొనిరి. చెప్పుటకు సిగ్గు; చెప్పినచో గురుద్రోహమను భయము.

1982లో ఒక యువకుడు, మరల దెబ్బలకు రమ్మని పిలుపు రాగా, దానికంటె చావు మేలని ఆత్మహత్యకు ప్రయత్నించెను. అతడు బ్రదికినాడు. అప్పుడు గుట్టు కొంత బయటపడెను. కేంబ్రిడ్జిలోని మతగురువు మార్క్ రస్టన్ విచారణకు పూనుకొని, బాధితులలో 13 మందితో మాటలాడి, ఆ సంవత్సరము మార్చి నెలలోనే నివేదిక వ్రాసెను. దెబ్బలు తిన్నవారు 22 మంది యువకులని అందున్నది. వారిలో ఎనిమిదిమందికి పడిన దెబ్బలు కలిపి సుమారు 14,000. ఇద్దరికే మూడేండ్లలో 8,000. ఇవి 1861 నాటి చట్టము ప్రకారము నేరములేయని కూడ రస్టన్ స్పష్టముగా వ్రాసెను.

విచారణ శీఘ్రముగా జరిగినది. నిజము దాదాపు పూర్తిగా తెలిసినది. నేరమని పేరు కూడ పెట్టినారు. ఆ నివేదిక కొద్దిమంది పెద్దలకు మాత్రమే పంపబడెను. పోలీసులకు అందలేదు. పాఠశాల ప్రధానోపాధ్యాయుడు స్మైత్‌ను తమ ఆవరణ దరికి రాకుమని కట్టడిచేసెను. తమ కొడుకుల పేళ్లు రచ్చకెక్కునను వెరపుతో కొందరు తల్లిదండ్రులును పోలీసుల మాట వలదనిరి. తల్లిదండ్రుల భయమును నేను తప్పుపట్టలేను. ఈ సంగతి బయటపడినచో దేవుని పనికి గొప్ప హాని కలుగునని తాను తలచినట్లు నాటి నాయకులలో ఒకరు తరువాతి కాలమున చెప్పిరి. ఆ మాటను మాత్రము నేను ఒప్పలేను. బాలురకు కలిగిన హాని అప్పటికే లెక్కవేసి కాగితముపై నుండెను గదా.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని మన పెద్దలు చెప్పుదురు. యూఎర్న్ పెద్దలకు ఆ సామెత తెలియకపోయినను దాని ప్రకారమే నడిచిరి. ఆ గుట్టు నిలిచినందువలన చేటు ఆఫ్రికాకు ప్రయాణమయ్యెను.

1984లో స్మైత్ జింబాబ్వే దేశమునకు పోయి, అక్కడను బాలుర శిబిరములు తెరచెను. ఇంగ్లండులోని మిత్రులు చందాలు పంపుచుండిరి. 1992 డిసెంబరులో మరొండెరాలో జరిగిన శిబిరమున 16 ఏండ్ల బాలుడొకడు ఈతకొలనులో శవమై తేలెను. బులవాయో పట్టణపు పాదిరులు ఊరకుండలేదు. వారు డేవిడ్ కోల్టార్ట్ అను న్యాయవాదిని నియోగింపగా, అతడు ఇంగ్లండులో జరిగిన దానిని గూడ తెలిసికొని 1993లో నివేదిక వ్రాసెను. స్మైత్‌పై కోర్టులో అభియోగము నడిచినను అది నిలువలేదు. ధనమును పలుకుబడియు గల ఇంగ్లండు పెద్దలు చేయని పనిని, అంత బలము లేని బులవాయో పాదిరులు చేయబూనిరని నేను ప్రత్యేకముగా స్మరించుచున్నాను. 2001లో స్మైత్ దక్షిణాఫ్రికాకు తరలిపోయెను.

ఇంకొక విచిత్రము. వించెస్టరు ప్రధానోపాధ్యాయుడు 1989లో ప్రకటించిన స్వీయచరిత్రలో, పేరు చెప్పకయే ఈ సంగతిని ప్రస్తావించెను. అచ్చయిన పుస్తకము! అయినను ఆ మనుష్యుడు ఎవడు, ఎచ్చటనున్నాడు అని పట్టి విచారించినవారు లేరు.

2012లో ఒక బాధితుడు మరల నోరు తెరచెను. 2013 నాటికి సంగతి ఈలీ మండలపు సంఘాధికారులకును, ఆ యేడే కాంటర్‌బరీ ఆర్చిబిషప్పయిన జస్టిన్ వెల్బీకిని తెలిసెను. వెల్బీ యౌవనమున ఆ శిబిరములలో సహాయకుడుగా నుండినవాడు. అయితే 2013కు పూర్వము ఈ హింస తనకు తెలియదని ఆయన వాదము. కేప్‌టౌన్‌కు ఉత్తరము పోయినది. పోలీసులకు సూచన అందినది. ఎవరికి వారు పైవారు చూచుకొందురని యూరకుండిరి. 2017 ఫిబ్రవరిలో ఒక టెలివిజను సంస్థ ప్రసారము చేసిన పిమ్మటనే హాంప్‌షైర్ పోలీసుల విచారణ మొదలయ్యెను. 2018 ఆగస్టులో, తీర్పు ఎదుర్కొనకయే, స్మైత్ కేప్‌టౌన్‌లో మరణించెను. అప్పటికి అతనికి 77 ఏండ్లు.

మన దేశమున, 2012లో చేయబడిన పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారెవరైనను పోలీసులకు తెలుపవలెను. సంస్థకు అధికారియైనవాడు తన క్రింది ఉద్యోగి నేరమును దాచినచో ఒక సంవత్సరము వరకు కారాగారశిక్ష పడవచ్చును. గుడి గాని, బడి గాని, వసతిగృహము గాని దీనికి వెలికాదు; చావడిలో రాజీ చేసినంత మాత్రమున ఈ బాధ్యత తీరదు. 1982 నాటి ఇంగ్లండున తెలిసినవారు తెలుపవలెనను నిర్బంధము చట్టములో లేదు.

ఇంగ్లండు సంఘము నియమించిన కీత్ మేకిన్ విచారణ 2024 నవంబరు 7వ తేదీన వెలువడెను. రెండు ఖండములలో కలిపి హింసకు లోనైన బాలురు, యువకులు 130 మంది వరకు ఉండవచ్చునని అందు అంచనా. 2013లో వెల్బీ ఇంకను గట్టిగా చర్య తీసికొనగలిగి యుండెననియు, తీసికొనవలసి యుండెననియు నిర్ణయించిరి. నవంబరు 12న ఆయన పదవి వదలుచున్నట్లు ప్రకటించెను. ఇట్టి ఫిర్యాదులను సంఘమే విచారింపవచ్చునా, సంఘమునకు వెలుపలి సంస్థకు అప్పగింపవలెనా అని 2025 ఫిబ్రవరిలో వారి మహాసభ తర్కించి, కేంద్రములోని ఉద్యోగులను వెలుపలి సంస్థకు బదిలీచేయుటకు సమ్మతించి, మండలముల సంగతిని మరికొంత పరిశీలనకు వదలెను.

రస్టన్ నివేదిక వ్రాసిననాడు ఇరువది యేండ్ల వయస్సున నుండిన యువకులు, మేకిన్ నివేదిక చేతికి వచ్చునప్పటికి అరువది దాటినవారు.